బెవాన్ ఎక్కడ తగ్గారు, ఎక్కడ తగ్గలేదు: బ్రిటన్ ఉచిత వైద్యం వెనుక బేరసారాలు

1951 ఏప్రిల్ 22న బ్రిటన్ కార్మిక మంత్రి, అంతకుముందు ఆరోగ్య మంత్రిగా ఉన్న అనైరిన్ బెవాన్ పదవి వదిలేశారు. కట్టుడు పళ్లకూ కళ్లద్దాలకూ అయ్యే ఖర్చులో సగం రోగుల దగ్గరే వసూలు చేస్తామని ఆర్థిక మంత్రి హ్యూ గెయిట్స్‌కెల్ బడ్జెట్‌లో పెట్టారు. దానివల్ల ఆ ఏడాది ఖజానాకు మిగిలేది 1.3 కోట్ల పౌండ్లు. మూడేళ్ల ముందు డాక్టర్లను దారికి తెచ్చుకోవడానికి ఇదే మనిషి 6.6 కోట్ల పౌండ్ల పరిహారం ఒప్పుకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే డబ్బిచ్చేవారికి వేరే పడకలు ఒప్పుకున్నారు. పెద్ద డాక్టర్లకు జీతం మీద అదనపు సొమ్మూ ఒప్పుకున్నారు. అన్ని మెట్లు దిగిన మనిషి ఇంత చిన్న మొత్తం దగ్గర ఎందుకు భీష్మించారు? అహంకారం అన్నారు ప్రత్యర్థులు. అందులో కొంత నిజం ఉంది. అయితే బ్రిటన్ ఉచిత వైద్య వ్యవస్థ అయిన నేషనల్ హెల్త్ సర్వీస్‌ను ఆయన ఏ భాగం ఎవరితో బేరమాడి కట్టారో చూస్తే ఆ రాజీనామాకు అహంకారం కంటే బలమైన కారణం కనబడుతుంది.

ముందు పేర్ల తికమక తీర్చుకుందాం. విలియం బెవరిడ్జ్ ఆర్థికవేత్త. 1942 డిసెంబరులో వచ్చిన సామాజిక భద్రత నివేదిక ఆయనది. ఎర్నెస్ట్ బెవిన్ రవాణా కార్మిక నాయకుడు, యుద్ధం ముగిశాక విదేశాంగ మంత్రి. అనైరిన్ బెవాన్ గనుల్లోంచి వచ్చిన ఆరోగ్య మంత్రి. అందరికీ వైద్యం అందాలని బెవరిడ్జ్ నివేదిక చెప్పింది కానీ, ఆసుపత్రులు ఎవరి చేతిలో ఉండాలి, డాక్టరుకు డబ్బు ఎలా ఇవ్వాలి అన్నవి తేల్చలేదు. అవి తేల్చింది బెవాన్.

ఆయన 1897 నవంబరు 15న సౌత్ వేల్స్‌లో ట్రెడెగర్ అనే బొగ్గు ఊళ్లో పుట్టారు. చిన్నప్పుడు నత్తి. పదమూడేళ్లకే బడి మాని గనిలో దిగారు. 1919లో గని కార్మికుల సమాఖ్య తన ఖర్చుతో లండన్‌లోని సెంట్రల్ లేబర్ కాలేజీకి పంపింది. రెండేళ్లకు తిరిగొస్తే ఊళ్లో పని దొరకలేదు. తండ్రి డేవిడ్ ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుని 1925లో చనిపోయారు. ఆ జబ్బు అప్పటికి చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల్లో లేదు కాబట్టి కుటుంబానికి పరిహారం రాలేదు. 1929లో ఎబూ వేల్ నుంచి లేబర్ ఎంపీగా గెలిచిన బెవాన్ చనిపోయేదాకా ఆ సీటు నిలబెట్టుకున్నారు.

ట్రెడెగర్‌లో మెడికల్ ఎయిడ్ సొసైటీ అని ఒకటి ఉండేది. కార్మికుడి కూలిలో పౌండుకు 3 పెన్నీలు పట్టుకునేవారు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు, అంటే సంపాదనలో ఎనభయ్యో వంతు. ఆ సొమ్ముతో సంఘమే డాక్టర్లను, ఒక సర్జన్‌ను, మందులు కట్టేవారిని, దంత వైద్యుణ్ని, ఇంటింటికీ తిరిగే నర్సును జీతమిచ్చి పెట్టుకుంది. కార్మికుడికే కాదు, భార్యాపిల్లలకూ వైద్యం అందేది. 1920లలో ఊళ్లో నూటికి తొంభై మందికి పైగా దీని నీడలోనే ఉన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు జేబు తడుముకోనక్కరలేదు. డబ్బు ఎప్పుడో కట్టేశారు. బెవాన్ ఆ ఊరి ఆసుపత్రి కమిటీలో పనిచేశారు. దేశానికి తర్వాత ఆయన ఇచ్చింది ఈ నమూనానే అని అంటుంటారు. అది సగమే నిజం. ట్రెడెగర్‌లో చందా కట్టినవారికే వైద్యం. బెవాన్ చట్టంలో చందా అన్నదే లేదు.

ఆ తేడా తెలియాలంటే అంతకుముందు దేశంలో ఏముందో చూడాలి. అప్పటి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ తెచ్చిన 1911 బీమా చట్టం కింద కార్మికుడు వారానికి 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2 వేసేవారు. దాంతో కార్మికుడికి ఊరి డాక్టరు దొరికేవాడు. భార్యకు లేదు, పిల్లలకు లేదు, పెద్దాసుపత్రిలో వైద్యం కూడా అందులో రాదు. ఇంట్లో జబ్బు పడేది ఎవరో ఊహించుకోవచ్చు: వరుస కాన్పులతో గర్భసంచి జారిపోయినా నోరు విప్పక ఏళ్లకేళ్లు ఇంటిపని చేసుకునే ఆడవాళ్లు. చూపు మందగించినవారు కంటి డాక్టరుకు ఇచ్చుకోలేక వూల్‌వర్త్ దుకాణంలో కుప్పపోసిన కళ్లద్దాల్లోంచి ఒక్కొక్కటీ పెట్టి చూసుకుని, కాస్త ఆనినవి ఆరు పెన్నీలకు కొనుక్కునేవారు.

ఆసుపత్రులు రెండు రకాలు. దాతల విరాళాల మీద నడిచే వాలంటరీ ఆసుపత్రులు 1,143. వాటిలో సుమారు 90 వేల పడకలు. మునిసిపాలిటీలు, కౌంటీల కింద 1,545. వాటిలో సుమారు 3.9 లక్షల పడకలు. వీటిలో చాలావరకు పాత బీదల శరణాలయాలు, పిచ్చాసుపత్రులు, క్షయ, అంటురోగాల వార్డులు. పేరున్న సర్జన్లు వాలంటరీ ఆసుపత్రుల్లో జీతం తీసుకోకుండా పనిచేసేవారు. ఆ ఊళ్లో డబ్బున్న రోగుల దగ్గర బయట సంపాదించుకునేవారు. కాబట్టి డబ్బున్నవాళ్లు ఉండే ఊళ్లలోనే సర్జన్లూ ఉండేవారు. జబ్బులు ఎక్కువగా ఉన్న గనుల ఊళ్లకు స్పెషలిస్టు వచ్చేవాడు కాదు. ఈ వ్యవస్థ అసలు లోపం ఇదే; విరాళాలు పెంచితే పోయేది కాదు.

1945 జూలైలో లేబర్ పార్టీ 393 సీట్లతో గెలిచింది. నలభై ఏడేళ్ల బెవాన్‌ను ప్రధాని క్లెమెంట్ అట్లీ ఆరోగ్య మంత్రిని చేశారు. కేబినెట్‌లో అందరికంటే చిన్న ఆయనే. ఆశ్చర్యకరమైన ఎంపిక. యుద్ధకాలమంతా చర్చిల్‌ను సభలో దుమ్మెత్తిపోసిన వ్యక్తి, 1939లో సొంత పార్టీయే కొన్ని నెలలు వెలివేసిన వ్యక్తి, అంతకుముందు ఒక్క మంత్రి పదవీ చేయలేదు. అంతకుముందు సంవత్సరం కన్సర్వేటివ్ ఆరోగ్య మంత్రి హెన్రీ విలింక్ తెచ్చిన ప్రణాళికలోనూ అందరికీ ఉచిత వైద్యం ఉంది, కానీ ఆసుపత్రులు ఎవరివి వారికే ఉండేవి. బెవాన్ అది పక్కనపెట్టి రెండు రకాలనూ కలిపి ప్రభుత్వం తీసుకోవాలన్నారు.

మొదటి గొడవ సొంత పార్టీలోనే మొదలైంది. లండన్ కౌంటీ కౌన్సిల్‌ను నడిపిన హెర్బర్ట్ మారిసన్ స్థానిక సంస్థల దగ్గర ఆసుపత్రులు లాక్కోవద్దని కేబినెట్‌లో గట్టిగా వాదించారు. ఎన్నికైన కౌన్సిలర్ల చేతిలోంచి తీసి నామినేటెడ్ బోర్డులకు ఇవ్వడం ప్రజాస్వామ్యమా అన్న ఆయన ప్రశ్నలో పస ఉంది. బెవాన్ జవాబు లెక్కల్లో ఉంది. ఆసుపత్రి ఇంటి పన్నుల మీద నడిస్తే ఉన్న ఊరికి మంచి ఆసుపత్రి, లేని ఊరికి లేని ఆసుపత్రి వస్తుంది. పైగా కౌన్సిళ్ల కింద పనిచేయడానికి స్పెషలిస్టులు ససేమిరా అంటారు. అట్లీ బెవాన్ వైపు మొగ్గారు. ట్రెడెగర్ ఆసుపత్రిలో బెడ్‌పాన్ కింద పడితే ఆ చప్పుడు లండన్‌లో మంత్రికి వినబడాలి అని బెవాన్ అన్నట్టు చెబుతారు. బాధ్యత ఎవరిదో ఆ మాటలో స్పష్టంగా ఉంది. ప్రతి చిన్న తప్పూ కేంద్ర మంత్రి మెడకు చుట్టుకునే పద్ధతీ దానితోనే వచ్చింది.

చట్టం 1946 నవంబరు 6న ఆమోదం పొందింది. అమలు తేదీ 1948 జూలై 5. వ్యవస్థ మూడు ముక్కలుగా ఉంది. ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రులు 14 ప్రాంతీయ బోర్డుల కిందికి వచ్చాయి. మెడికల్ కాలేజీలకు అనుబంధమైన పెద్దాసుపత్రులకు 36 ప్రత్యేక బోర్డులు. ఊరి డాక్టర్లు, దంత వైద్యులు, కళ్లద్దాలవారు, మందుల షాపులకు 138 ఎగ్జిక్యూటివ్ కౌన్సిళ్లు. అంబులెన్సులు, టీకాలు, బాలింతల సంరక్షణ స్థానిక సంస్థల దగ్గరే ఉండిపోయాయి. ఇలా ఎవరూ కాగితం మీద ఆలోచించి గీయరు. ఒక్కో ముక్క వెనుక ఒక్కో బేరం ఉంది. ఊరి డాక్టర్లు స్థానిక కౌన్సిళ్ల కింద ఉండబోమన్నారు, ఆసుపత్రుల కిందా ఉండబోమన్నారు. వారికి వేరే గూడు కట్టారు. ఆసుపత్రులు పోగొట్టుకున్న కౌన్సిళ్లకు మూడో ముక్క మిగిల్చారు. దీని నష్టం ముసలివాళ్లకు తగిలింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపితే చూసుకోవాల్సింది కౌన్సిల్, మందులు రాయాల్సింది ఊరి డాక్టరు, మళ్లీ పడిపోతే చేర్చుకోవాల్సింది బోర్డు. ఒకరి బడ్జెట్ మరొకరికి పట్టదు. 1974లో పునర్వ్యవస్థీకరించినా వృద్ధుల సంరక్షణ కౌన్సిళ్ల దగ్గరే ఉంది. అతుకు ఇప్పటికీ సరిగా పడలేదు.

డాక్టర్లతో యుద్ధం రెండేళ్లు సాగింది. డాక్టర్ల సంఘమైన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ భయాలు నాలుగు: తమను జీతగాళ్లను చేస్తారని, ఎక్కడ ప్రాక్టీసు పెట్టాలో ప్రభుత్వం శాసిస్తుందని, ప్రాక్టీసు అమ్ముకునే హక్కు పోతుందని, తీసేస్తే కోర్టుకు వెళ్లే దారి ఉండదని. మూడోది మనకు కొత్తగా అనిపించవచ్చు. అక్కడ డాక్టరు రిటైరయ్యేటప్పుడు తన రోగుల జాబితాను కుర్ర డాక్టరుకు అమ్మేవాడు. ధర తరచు ఏడాదిన్నర, రెండేళ్ల రాబడి. కొన్నవాడు అప్పు తెచ్చి కొనేవాడు, ఆ అప్పు తీర్చడానికి డబ్బిచ్చే రోగుల వెంట పడేవాడు. బెవాన్ ఈ అమ్మకాన్ని నిషేధించి, బదులుగా 6.6 కోట్ల పౌండ్ల నిధి పెట్టారు. డాక్టరు రిటైరయినప్పుడో చనిపోయినప్పుడో అతని వాటా అందుతుంది. షరతు: జూలై 5కల్లా సర్వీసులో చేరి ఉండాలి.

1948 ఫిబ్రవరిలో అసోసియేషన్ ఓటింగ్ పెడితే 40 వేలకు పైగా డాక్టర్లు వద్దన్నారు. సరేనన్నవారు 5 వేల లోపు. ఇక అమలు కాదనే అందరూ అనుకున్నారు. బెవాన్ అప్పటికే డాక్టర్లను రెండుగా చీల్చి చూస్తున్నారు. స్పెషలిస్టులకు, ఊరి డాక్టర్లకు కావలసినవి వేరు. స్పెషలిస్టులకు ఆయన ఇచ్చింది మొదటిసారిగా ఆసుపత్రి పనికి జీతం, పార్ట్‌టైమ్‌గా పనిచేస్తూ ప్రైవేటు ప్రాక్టీసు చేసుకునే వీలు, అదే ఆసుపత్రిలో ప్రైవేటు పడకలు, మూడో వంతు మందికి ప్రతిభ పేరిట జీవితాంతం అదనపు సొమ్ము. వారి నోట్లో బంగారం కుక్కానని తర్వాత ఆయనే అన్నారని ప్రసిద్ధి. ఆ వర్గంతో రాయబారం నడిపింది రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అధ్యక్షుడు లార్డ్ మోరన్. ఆయన చర్చిల్‌కు సొంత డాక్టరు. ఊరి డాక్టర్ల భయం పోగొట్టడానికి కూడా మోరన్ సూచనే పనికొచ్చింది: కొత్త చట్టం లేకుండా డాక్టర్లను పూర్తి జీతగాళ్లను చేయబోమని చట్టంలోనే రాయించడం. ఏప్రిల్ 7న బెవాన్ దానికి ఒప్పుకున్నారు. ఊరి డాక్టర్లకు ఏడాదికి ఇవ్వాలనుకున్న 300 పౌండ్ల స్థిర జీతాన్ని మొదటి మూడేళ్ల తర్వాత ఐచ్ఛికం చేశారు. రోగి తలకింత చొప్పున ఇచ్చే పద్ధతి ప్రధానమైంది.

1948 జూన్‌లో ఒక ఊరి డాక్టరు స్థానంలో కూర్చుని లెక్క వేద్దాం. ఇన్నాళ్లూ రాబడిలో గట్టి భాగం 1911 చట్టం కింద వచ్చే కార్మికుల తాలూకు. జూలై 5తో ఆ పథకం రద్దవుతుంది. ఆ రోగులంతా కొత్త సర్వీసులో పేరు రాయించుకుంటారు, పక్క వీధి డాక్టరు చేరితే అతని దగ్గరికి పోతారు. ఒక్కరికి 4,000 మంది దాకా జాబితా అనుమతి. చేరకపోతే పరిహారంలో వాటా పోతుంది, ప్రాక్టీసు కొనేవాడూ దొరకడు. సంఘానికి ఓటు వేసేటప్పుడు ధైర్యం ఉంటుంది. తన రోగుల జాబితా చూసుకునేటప్పుడు నిలవదు. మే నెల రెండో ఓటింగ్‌లో కూడా వ్యతిరేకులే ఎక్కువ, దాదాపు 26 వేలు. కానీ అనుకూల ఓట్లు 14 వేలు దాటాయి. పోరాటం కొనసాగాలంటే వద్దనే ఊరి డాక్టర్లు 13 వేల మంది ఉండాలని అసోసియేషన్ ముందే గీత గీసుకుంది. పదివేలు కూడా రాలేదు. సంఘం వెనక్కి తగ్గింది.

జూలై 5న మాంచెస్టర్ దగ్గర డేవీహ్యూమ్‌లోని పార్క్ ఆసుపత్రిలో బెవాన్ తాళాలు అందుకున్నారు. ముందురోజు అదే నగరంలో జరిగిన సభలో కన్సర్వేటివ్‌లను పురుగుల కన్నా హీనం అని తిట్టారు. అది ఆయనను చివరిదాకా వెంటాడింది, పార్టీకి ఓట్లు పోగొట్టింది. వ్యవస్థ కట్టేటప్పుడు ఉన్న ఓపిక వేదిక ఎక్కితే ఉండేది కాదు.

ఖర్చు అంచనాలు తలకిందులయ్యాయి. మొదటి ఏడాదిలో దంత వైద్యానికి వచ్చినవారు సుమారు 85 లక్షలు, ఇచ్చిన కళ్లద్దాలు 50 లక్షలకు పైగా. 1949 ఫిబ్రవరిలో 5 కోట్ల పౌండ్లకు పైగా అదనంగా అడగాల్సి వచ్చింది. జనం విచ్చలవిడిగా వాడుతున్నారని పత్రికలు గోల చేశాయి. నిజానికి అంచనా వేసినవారు లెక్కపెట్టింది అంతకుముందు డబ్బిచ్చి వైద్యం చేయించుకున్నవారిని. డబ్బు లేక ఇంట్లోనే ఓర్చుకున్నవారు ఏ లెక్కలోనూ లేరు.

బెవాన్ వైఖరిలో ఒక చిక్కు ఉంది, దాటవేయకూడదు. 1949లో మందుల చీటీకి ఒక షిల్లింగు (12 పెన్నీలు) దాకా వసూలు చేసే అధికారమిచ్చే సవరణను ఆయనే సభలో సమర్థించారు. అప్పుడు ఒప్పుకున్నది 1951లో ఎందుకు పాపమైంది అని గెయిట్స్‌కెల్ వర్గం అడిగింది, న్యాయమైన ప్రశ్న. షిల్లింగు అమలు కాలేదు. పెన్షనర్లకు మినహాయింపు ఇస్తే మిగిలేది స్వల్పమని తేలాక అటకెక్కింది. ఆయన దృష్టిలో అది కాలయాపన ఎత్తు. 1951లో ఆ వీలు లేదు. కొరియా యుద్ధం కారణంగా మూడేళ్లలో 470 కోట్ల పౌండ్ల ఆయుధ కార్యక్రమం పెట్టుకున్నారు. ఏడాదికి 40 కోట్ల దగ్గర ఆరోగ్య సర్వీసుకు గీత గీశారు. ఆ 470 కోట్లు ఖర్చు పెట్టడానికి యంత్రాలూ ముడిసరుకులూ దొరకవని, కాబట్టి 1.3 కోట్ల కోసం రోగి జేబులో చేయి పెట్టనక్కరలేదని బెవాన్ వాదన. అట్లీ అప్పుడు పేగు పుండుతో ఆసుపత్రిలో ఉన్నారు. రాజీ కుదిర్చేవారు లేరు. తనను దాటి గెయిట్స్‌కెల్‌ను ఆర్థిక మంత్రిని, మారిసన్‌ను విదేశాంగ మంత్రిని చేశారన్న కసీ బెవాన్‌కు ఉంది. మంత్రులు హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ ఆయనతోపాటు బయటికి వచ్చారు.

ఇక్కడే ముడి విడుతుంది. 1948లో ఆయన వదులుకున్నవన్నీ డాక్టరుకు డబ్బు ఎలా అందాలి అన్న దానికి సంబంధించినవి. రోగి వైద్యం దగ్గర డబ్బు తీయాలా అన్న ప్రశ్నలో ఒక్క మెట్టూ దిగలేదు. సొమ్ము అధిక భాగం సాధారణ పన్నుల నుంచే వస్తుంది, జాతీయ బీమా వాటా కొద్దిదే. అందుకే చందా కట్టావా అని అడగనక్కరలేదు. ఒక వస్తువుకు రుసుం పెడితే రెండోదానికి పెట్టడం సులువని ఆయన హెచ్చరించారు. అక్టోబరు ఎన్నికల్లో కన్సర్వేటివ్‌ల కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా లేబర్ ఓడిపోయింది. ఆయుధ కార్యక్రమాన్ని కొత్త ప్రధాని చర్చిలే సాగదీశారు. 1952లో మందుల చీటీకి షిల్లింగు వచ్చింది, దంత వైద్యానికి పౌండు వచ్చింది. రెండు విషయాల్లోనూ ఆయన అంచనా తప్పలేదు. అయినా ఆ చీలిక పార్టీని ఏళ్లపాటు కుంగదీసింది.

మిగతా జీవితం క్లుప్తంగా. 1955 నాయకత్వ పోటీలో గెయిట్స్‌కెల్‌కు 157 ఓట్లు, బెవాన్‌కు 70. 1957లో బ్రిటన్ ఏకపక్షంగా అణ్వాయుధాలు వదులుకోరాదని చెప్పి సొంత అనుచరులనే నివ్వెరపరిచారు. 1959లో ఉపనాయకుడయ్యారు. 1960 జూలై 6న కడుపు క్యాన్సర్‌తో చనిపోయారు.

ఆయన బేరాల్లో రెండు మన డాక్టర్ల మీదా ప్రభావం చూపాయి. ప్రాక్టీసు అమ్మకం నిషేధించడంతో పెట్టుబడి లేని కొత్తవారికి దారి తెరుచుకుంది. డాక్టర్లు కిక్కిరిసిన చోట కొత్తవారికి అనుమతి ఇవ్వని కమిటీ వల్ల ఖాళీలు గనుల ఊళ్లలో, పారిశ్రామిక పట్టణాల్లో మిగిలేవి. అక్కడి డాక్టర్లు వెళ్లని ఆ చోట్లకు 1960, 70లలో భారత ఉపఖండం నుంచి వెళ్లినవారు చేరారు. వారిలో విశాఖ, గుంటూరు, హైదరాబాదు కాలేజీల్లో చదివినవారూ ఉన్నారు. సౌత్ వేల్స్ బొగ్గు లోయల్లో ఎన్నో ప్రాక్టీసులు చాలాకాలం వీరి చేతుల మీదే నడిచాయి.

విదేశీయుల నుంచి వసూలు చేసే అధికారం కూడా ఆ 1949 సవరణలోదే. 1982 దాకా వాడలేదు. 2015లో వీసాతోపాటే కట్టించుకునే ఆరోగ్య సర్‌చార్జి వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి అది పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకూ పిల్లలకూ 776. ఏడాది దాటిన మిగులు ఆరు నెలల లోపైతే సగం వేస్తారు. 16 నెలల విద్యార్థి వీసాకు 1,164 పౌండ్లు. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద వెళ్లేవారికి ఇది లేదు. కట్టినవారు వెళ్లిన వెంటనే దగ్గర్లోని జీపీ (ఊరి డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. జబ్బు పడ్డాక పరుగెడితే ఆలస్యమవుతుంది. ఆసుపత్రి వైద్యానికి డబ్బు కట్టనక్కరలేదు. మందులకు మాత్రం ఇంగ్లండ్‌లో ఒక్కోదానికి 9.90 పౌండ్లు; వేల్స్‌లో 2007 నుంచి ఏమీ లేదు. పిల్లల్ని చూడడానికి ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులు సర్‌చార్జి కట్టరు. జీపీ దగ్గర చూపించుకోవడం, అత్యవసర విభాగంలో చికిత్స వారికీ ఉచితమే. ఇంగ్లండ్‌లో వార్డులో చేర్చుకుంటే మాత్రం అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వస్తుంది. కాబట్టి పాత జబ్బులనూ కవర్ చేసే ప్రయాణ బీమా తీసుకునే విమానం ఎక్కాలి.